కోనేరు హంపి కెరీర్, మారుతూ వచ్చిన చదరంగం టోర్నీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హంపి గెలిచిన మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది, కింద ఒక పేరా వార్త వస్తుంది. ఆ పేరాలో నాకౌట్, గ్రాండ్ ప్రి, క్యాండిడేట్స్, టైబ్రేక్ అన్న మాటలు దొర్లిపోతాయి. వాటి మధ్య తేడా తెలియకపోతే ఆమె ఏం సాధించిందో సగమే అర్థమవుతుంది. పతకాల లెక్క పక్కనే, ఆ ఏడాది పోటీ ఏ పద్ధతిలో జరిగిందో కూడా పెట్టుకుని చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. అందుకే ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ కాస్త వివరంగా జవాబులు రాస్తున్నాను.

హంపి ఎప్పుడైనా ప్రపంచ చాంపియన్ అయిందా?

తక్కువ సమయంలో ముగిసే ర్యాపిడ్‌లో రెండుసార్లు అయింది: 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో. చిన్నప్పుడు బాలికల విభాగాల్లో అండర్-10, అండర్-12, అండర్-14 ప్రపంచ టైటిళ్లు, 2001లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్ కూడా గెలిచింది. క్లాసికల్‌లో, అంటే గంటల తరబడి సాగే అసలు ఆటలో, మహిళల ప్రపంచ కిరీటం మాత్రం దక్కలేదు. దానికి అతి దగ్గరగా వెళ్లింది 2011లో. అల్బేనియా రాజధాని టిరానాలో చైనాకు చెందిన హౌ యిఫాన్‌తో పది గేమ్‌ల మ్యాచ్ పెట్టారు. హౌ మూడు గెలిచింది, అయిదు డ్రా అయ్యాయి. 5.5-2.5తో ఎనిమిదో గేమ్‌కే మ్యాచ్ ముగిసింది.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు చాలామంది "అయ్యో, కాలేదా" అని అక్కడితో వదిలేస్తారు. ఆమె ఆడిన కాలంలో మహిళల ప్రపంచ చాంపియన్‌ను ఎలా తేల్చేవాళ్లో చూస్తే ఆ మాట అంత తేలిగ్గా అనలేం.

ఎలా తేల్చేవాళ్లు?

2000 నుంచి చాలా ఏళ్లపాటు మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ అంటే 64 మందితో నాకౌట్ (మధ్యలో కొన్ని ఏళ్లు టిరానాలోలా చాంపియన్‌కీ చాలెంజర్‌కీ మధ్య మ్యాచ్). రెండు గేమ్‌ల చిన్న మ్యాచ్, సమమైతే మర్నాడు ర్యాపిడ్, అప్పటికీ తేలకపోతే ఇంకా వేగమైన బ్లిట్జ్. ఓడితే ఇంటికి. రెండే గేమ్‌లు కాబట్టి ఒక్క తప్పు ఎత్తు వేస్తే దాన్ని సరిదిద్దుకోవడానికి మిగిలేది ఒక్క గేమే. దేశాల జట్లు ఆడే ఒలింపియాడ్‌లోనో లీగ్‌లోనో అయితే పదకొండు రౌండ్లో పద్నాలుగో ఉంటాయి, ఒక ఓటమిని మిగతా గేమ్‌లు మోస్తాయి.

ఈ నాకౌట్లలో హంపి 2004లో ఎలిస్తాలో, 2008లో నాల్చిక్‌లో, 2010లో అంటాక్యాలో సెమీఫైనల్ దాకా వెళ్లి ఆగిపోయింది. చివరి రెండుసార్లూ ఎదురు నిలిచింది హౌ యిఫానే. 2012లో ఖాంటీ-మాన్సిస్క్‌లో రెండో రౌండ్‌లోనే నటాలియా జుకోవా చేతిలో ఓడింది. అదే రౌండ్‌లో హౌ యిఫాన్ కూడా ఓడి ఇంటికెళ్లింది! అప్పట్లో మహిళల చదరంగంలో ముందు వరసలో ఉన్న ఇద్దరూ రెండో రౌండ్‌కే వెళ్లిపోయిన పోటీలో తేలిన ఫలితాన్ని, ఆ ఏడాదికి ఎవరు గొప్ప అన్నదానికి తీర్పుగా నేను తీసుకోలేను. 2015లో సోచిలో హంపి క్వార్టర్‌ఫైనల్‌లో మరియా ముజిచుక్ చేతిలో ఓడింది. ఆ ఏడాది కిరీటం మరియాదే.

ఇంకోవైపు గ్రాండ్ ప్రి చూడండి. అందులో కొద్దిమంది మేటి క్రీడాకారిణులు ఒక్కో నగరంలో ఒక్కో టోర్నీ చొప్పున అందరూ అందరితో ఆడతారు. ఏడాది, రెండేళ్ల ఫలితాలు కలిపి లెక్కేస్తారు. అదృష్టం అంత దూరం వెంట రాదు. 2009 నుంచి 2014 దాకా జరిగిన మూడు మహిళల గ్రాండ్ ప్రి సిరీస్‌ల్లోనూ హంపి రెండో స్థానంలో నిలిచింది, మూడింటా మొదటి స్థానం హౌ యిఫాన్‌దే. టిరానా మ్యాచ్‌కి హంపి అర్హత పొందింది కూడా ఆ దారిలోనే: గ్రాండ్ ప్రి గెలిచిన హౌ అప్పటికే చాంపియన్ కావడంతో చాలెంజర్ చోటు రెండో స్థానానికి వచ్చింది.

ఓపిగ్గా సాగే పోటీల్లో ఆమె ఏళ్ల తరబడి ప్రపంచంలో రెండోది. రెండు గేమ్‌ల లాటరీలో మాత్రం సెమీస్ దగ్గర ఆగేది. ఈ రెండూ కలిపి చూడకుండా "కిరీటం గెలవలేదు" అని ఒక్క ముక్కలో తేల్చడం అన్యాయం.

గ్రాండ్‌మాస్టర్ హోదా ఎలా వస్తుంది?

రెండు షరతులు. అంతర్జాతీయ రేటింగ్, అంటే ఆట బలాన్ని కొలిచే అంకె, ఎప్పుడో ఒకప్పుడు 2500 తాకాలి. మూడు నార్మ్‌లు సాధించాలి. నార్మ్ అంటే కనీసం తొమ్మిది గేమ్‌ల టోర్నీలో 2600 స్థాయి ప్రదర్శన. అదీ తగినంతమంది గ్రాండ్‌మాస్టర్ల మీద, వేర్వేరు దేశాల వాళ్ల మీద ఆడి చూపించాలి. ఒకసారి వచ్చిన హోదా జీవితాంతం ఉంటుంది, రేటింగ్ తర్వాత పడిపోయినా తీసేయరు.

ఉమన్ గ్రాండ్‌మాస్టర్ వేరు. దానికి 2300 రేటింగ్ చాలు, నార్మ్‌ల స్థాయి కూడా తక్కువ. హంపిది పూర్తి గ్రాండ్‌మాస్టర్ హోదా, మగవాళ్లకు ఏ కొలతో ఆ కొలతతోనే వచ్చింది. మన వార్తల్లో ఈ రెంటినీ కలిపేస్తుంటారు, దయచేసి అలా కలపకండి.

ఇంకో దారి కూడా ఉంది. కొన్ని పెద్ద పోటీలు గెలిస్తే నార్మ్‌లు లేకుండానే హోదా ఇస్తారు. 2025లో మహిళల ప్రపంచ కప్ గెలిచిన దివ్య దేశ్‌ముఖ్ అలాగే గ్రాండ్‌మాస్టర్ అయింది. హంపి, ద్రోణవల్లి హారిక, వైశాలి తర్వాత ఈ హోదా పొందిన నాలుగో భారతీయ మహిళ ఆమె.

ఇప్పుడు పన్నెండేళ్లకే గ్రాండ్‌మాస్టర్లు అవుతున్నారు. హంపి పదిహేనేళ్లకు కావడం అంత గొప్పా?

2002లో హంపి 15 ఏళ్ల 1 నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. మహిళల్లో అప్పటికి ప్రపంచంలోనే అతి చిన్న వయసు అది. అంతకుముందు రికార్డు హంగరీకి చెందిన జుడిత్ పోల్గర్‌ది, దాన్ని హంపి మూడు నెలల తేడాతో దాటింది. 2008లో హౌ యిఫాన్ దాటేదాకా ఆ రికార్డు నిలిచింది.

ఆ రోజుల్లో మన పిల్లలకు నార్మ్ కావాలంటే యూరప్ వెళ్లాలి. హంపి ఆఖరి నార్మ్ బుడాపెస్ట్‌లో జరిగిన ఎలెకెష్ స్మారక టోర్నీలో వచ్చింది. గుడివాడలో పుట్టిన ఆడపిల్ల పదిహేనేళ్లకే విమాన టికెట్లు, వీసాలు, తెలియని ఊళ్లలో బస, శాకాహారం వెతుక్కోవడం ఇవన్నీ పడుతూ ఆ స్థాయి ఆట ఆడింది. ఇప్పుడు భారత్‌లోనే గ్రాండ్‌మాస్టర్ నార్మ్‌కి వీలైన ఓపెన్ టోర్నీలు ఏటా జరుగుతున్నాయి. మంచి ఎత్తులు చెప్పే చదరంగం ప్రోగ్రాములు, అంటే ఇంజిన్లు, ప్రతి ఫోన్లో ఉన్నాయి. బలమైన ప్రత్యర్థి కావాలంటే రాత్రి పదింటికి ఆన్‌లైన్‌లో దొరుకుతాడు. గుకేశ్ 2019లో 12 ఏళ్ల 7 నెలలకు గ్రాండ్‌మాస్టర్ అయ్యాడంటే అతని ప్రతిభతో పాటు ఈ మార్పు కూడా కారణం. అతని ఘనత ఇందువల్ల ఏమీ తగ్గదు. 2002ని 2019తో వయసు ఒక్కటే చూసి పోల్చకూడదు, అంతే.

హంపికి ఆట నేర్పింది ఎవరు?

తండ్రి కోనేరు అశోక్. ఆయనా చదరంగం ఆటగాడే. కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలేసి కూతురి శిక్షణకే కూర్చున్నారు. అప్పట్లో పుస్తకాలు, పాత గేమ్‌ల పత్రికలు తప్ప వేరే ఆధారం పెద్దగా లేదు. 1999లో అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా యూత్ పోటీల్లో హంపి అండర్-12లో అబ్బాయిల విభాగంలో ఆడి గెలిచింది. ఆమెను బాలికల టోర్నీలకే పరిమితం చేయకుండా బలమైనవాళ్ల మీదికి పంపడం ఆ ఇంట్లో తీసుకున్న అతి మంచి నిర్ణయమని నేననుకుంటాను.

దానికి ఇంకో ఉదాహరణ 2004. ఆ ఏడాది ప్రపంచ జూనియర్ పోటీలు కొచ్చిలో జరిగాయి. హంపి బాలికల విభాగం వదిలేసి, ఎవరైనా ఆడగల ఓపెన్‌లో ఆడింది. పదమూడు రౌండ్లలో 8.5 పాయింట్లతో అయిదో స్థానాన్ని పంచుకుంది. ఆ టోర్నీ గెలిచింది గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టిన ఇద్దరు పిల్లలు ఒకే ప్రపంచ పోటీలో ఆ స్థాయిలో నిలిచారన్న సంగతి మనవాళ్లలో ఎంతమందికి గుర్తుందో!

2600 రేటింగ్ దాటడం అంటే ఏమిటి? లెక్క ఎలా ఉంటుంది?

2007 అక్టోబరు జాబితాలో హంపి రేటింగ్ 2606. జుడిత్ పోల్గర్ తర్వాత 2600 దాటిన రెండో మహిళ ఆమే. 2009 జులైలో 2623 చేరింది, అదే ఆమె అత్యధిక రేటింగ్.

లెక్క కష్టమేమీ కాదు. ఇద్దరి రేటింగ్‌ల తేడాను బట్టి ఎవరు ఎంత సాధిస్తారో ముందే ఒక అంచనా ఉంటుంది. సమాన రేటింగ్ అయితే అంచనా 0.5. రెండువందల పాయింట్ల తేడా ఉంటే పై ఆటగాడి అంచనా 0.76 దాకా ఉంటుంది. అసలు ఫలితానికీ ఆ అంచనాకీ తేడాను ఒక గుణకంతో హెచ్చిస్తారు. 2400 ఒకసారి దాటినవాళ్లకు గుణకం 10, కింద ఉన్నవాళ్లకు 20, కొత్తగా వచ్చిన పిల్లలకు 40. అందుకే చిన్నపిల్లల రేటింగ్ ఒక్క టోర్నీతో వంద పెరుగుతుంది, గ్రాండ్‌మాస్టర్ రేటింగ్ అయిదారు పాయింట్లు కదలడమే గగనం.

ఇప్పుడు దీన్ని హంపికి అన్వయించి చూడండి. ఆమె 2600 ఉన్నప్పుడు మహిళల టోర్నీలో ఎదురయ్యేవాళ్లు చాలామంది 2400, 2450 దగ్గర ఉండేవాళ్లు. 2400 ఉన్నవాళ్లను గెలిస్తే వచ్చేది రెండున్నర పాయింట్లు కూడా కాదు. డ్రా అయితే పోయేది రెండున్నర పైనే. తొమ్మిది గేమ్‌ల్లో ఆరు గెలిచి మూడు డ్రా చేసి టోర్నీ గెలిచినా రేటింగ్ పెద్దగా పెరగదు. మహిళల టైటిళ్ల కోసం మహిళల పోటీలు ఆడాలి, ఆడితే రేటింగ్ నిలబెట్టుకోవడం కష్టం. ఈ ముడి హంపికి ముందూ ఉంది, తర్వాతా ఉంది. పోల్గర్ మహిళల టైటిళ్ల జోలికే పోకుండా 2735 దాకా వెళ్లింది. హౌ యిఫాన్ చాంపియన్‌గా ఉండగానే ఆ వ్యవస్థ నుంచి పక్కకి తప్పుకుంది.

మరి మహిళలకు వేరే పోటీలు ఎందుకు? ఓపెన్‌లో అందరూ ఆడొచ్చు కదా?

ఆడొచ్చు, ఓపెన్ అంటే అదే. వేరే పోటీలు ఉండటానికి నాకు తెలిసి బలమైన కారణం సంఖ్య. మీ ఊళ్లో జరిగే ఏ టోర్నీకైనా వెళ్లి చూడండి, అండర్-9లో అమ్మాయిలు బాగానే కనిపిస్తారు. అండర్-15కి వచ్చేసరికి తగ్గిపోతారు. మహిళల టోర్నీలు, బహుమతులు ఉండటం వల్ల కొంతమందైనా ఆటను ఉద్యోగంగా కొనసాగించగలుగుతున్నారు. రేటింగ్ చిక్కు ఉన్నా ఆ పోటీలు ఉండాలనే నేను కోరుకుంటాను. పైకి వచ్చేవాళ్లు రెండూ ఆడాలి.

పెళ్లి, పాప తర్వాత ఆమె ఎలా తిరిగొచ్చింది?

2014లో దాసరి అన్వేష్‌తో పెళ్లయింది. 2016 నుంచి దాదాపు రెండేళ్లు బోర్డుకు దూరంగా ఉంది. 2017లో పాప అహానా పుట్టింది. 2018లో బటుమి ఒలింపియాడ్‌తో తిరిగొచ్చింది. ఆ ఏడాది చివర్లో ఖాంటీ-మాన్సిస్క్ నాకౌట్‌లో రెండో రౌండ్‌లోనే ఓడింది.

అప్పుడు ఆమెకు ముప్పయ్యొక్కేళ్లు. రెండేళ్లలో ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు, మారిపోతాయి, పాత తయారీ పాతబడుతుంది. పైగా కొత్త పిల్లలు కంప్యూటర్‌తో పెరిగినవాళ్లు. ఇక ఆట అయిపోయినట్టేనని చాలామంది అనుకున్నారు. మరుసటి ఏడాది, 2019 సెప్టెంబరులో స్కోల్కోవో గ్రాండ్ ప్రి గెలిచింది. డిసెంబరులో మొనాకోలో మొదటి స్థానం పంచుకుంది. ఆ నెలాఖరులోనే మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ గెలిచింది. 2020 ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్‌లో కెయిర్న్స్ కప్ కూడా ఆమెదే. ఆ ఆరు నెలలు ఆమె కెరీర్‌లోనే అతి గొప్ప భాగమని నా లెక్క. 2007 నాటి 2606 కంటే కూడా.

ఓఎన్‌జీసీలో ఉద్యోగం ఉండటం ఇందులో చిన్న విషయం కాదు. నెలనెలా జీతం వచ్చే ఆధారం ఉంటే ఆట నుంచి విరామం తీసుకున్నా భయం ఉండదు. ప్రభుత్వ రంగ సంస్థలు ఆటగాళ్లకు ఇచ్చిన ఈ అండ లేకపోతే మన చదరంగంలో చాలా పేర్లు మధ్యలోనే ఆగిపోయేవి.

హారిక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో ఆమె తొమ్మిదో నెల గర్భంతో బోర్డు ముందు కూర్చుంది. హంపి, హారిక ఇద్దరూ ఉన్న ఆ జట్టు కాంస్యం గెలిచింది.

ర్యాపిడ్, బ్లిట్జ్, ఆర్మగెడ్డన్: తేడా ఏమిటి?

ప్రపంచ ర్యాపిడ్‌లో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. బ్లిట్జ్‌లో 3 నిమిషాలు, ఎత్తుకు 2 సెకన్లు. ఆర్మగెడ్డన్ అంటే తప్పనిసరిగా తేలే గేమ్. తెల్లపావులకు సమయం ఎక్కువ ఇస్తారు, కానీ గెలిచి తీరాలి. నల్లపావులకు డ్రా అయినా గెలుపే.

పదిహేను, ఇరవయ్యేళ్ల క్రితం ర్యాపిడ్ అంటే పక్కన సరదాగా ఆడే ఆట. ఇప్పుడు డిసెంబరు చివరి వారం ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీల కోసం చదరంగం లోకమంతా ఎదురు చూస్తుంది. స్పాన్సర్లకు, ప్రసారాలకు చిన్న గేమ్ నచ్చుతుంది. ఆటగాళ్లకు కూడా ఒక సౌకర్యం ఉంది: క్లాసికల్‌లో నెలల తయారీ ఉన్నవాడిదే పైచేయి, ర్యాపిడ్‌లో స్థితిని చూడగానే గ్రహించే అనుభవానికి విలువ ఎక్కువ. ఇంట్లో చిన్నపిల్ల ఉండి రోజుకు ఎనిమిది గంటలు తయారీకి ఇవ్వలేని క్రీడాకారిణికి ఈ మార్పు కలిసొచ్చిందని నేను నమ్ముతాను.

మాస్కోలో హంపి, లీ టింగ్జీ, ఎకటెరినా అటాలిక్ పన్నెండు రౌండ్లకు తలా 9 పాయింట్లతో నిలిచారు. టైబ్రేక్‌లో, అంటే సమాన పాయింట్లను తేల్చే అదనపు గేమ్‌లలో, లీతో మొదటి గేమ్ ఓడి, రెండోది గెలిచి, ఆర్మగెడ్డన్‌లో టైటిల్ దక్కించుకుంది. 2023లో సమర్‌ఖండ్‌లో టైబ్రేక్‌లో ఓడి రజతం తెచ్చింది. 2024లో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడిపోయింది! అక్కడి నుంచి పదకొండు రౌండ్లకు 8.5 చేసి ఒంటరిగా మొదటి స్థానం తీసుకుంది. జు వెంజున్ తర్వాత ఈ టైటిల్‌ని ఒకటి కంటే ఎక్కువసార్లు గెలిచిన రెండో క్రీడాకారిణి హంపి. ఆ వారం వార్తలన్నీ నార్వే ఆటగాడు మాగ్నస్ కార్ల్‌సన్ డ్రెస్ నిబంధనకు విరుద్ధంగా జీన్స్ వేసుకొచ్చిన గొడవ చుట్టూ తిరిగాయి. ముప్పయ్యేడేళ్ల తల్లి ప్రపంచ టైటిల్ గెలిచిన సంగతి లోపలి పేజీలకు వెళ్లడం నాకు చాలా బాధ కలిగించింది.

2025లో దోహాలో ముగ్గురు 8.5 దగ్గర సమంగా నిలిచారు. నిబంధన ప్రకారం టైబ్రేక్ లెక్కలో (ఇది అదనపు గేమ్‌లు కాదు, టోర్నీ ఫలితాలను బట్టి వేసే లెక్క) మొదటి ఇద్దరికే ప్లేఆఫ్, అంటే విజేతను తేల్చే అదనపు గేమ్‌లు. మూడో స్థానంలో ఉన్న హంపికి ఆడే అవకాశమే రాలేదు, కాంస్యంతో సరిపెట్టుకుంది. సమాన పాయింట్లు ఉన్నవాళ్లందరికీ ప్లేఆఫ్ ఉండాలని నేనంటాను. ఒక్కరోజు ఆలస్యమైనా ఫరవాలేదు.

2025 ప్రపంచ కప్ ఫైనల్ గురించి ఇంత ఎందుకు మాట్లాడుకున్నారు?

జులైలో జార్జియాలోని బటుమిలో జరిగింది. మహిళల ప్రపంచ కప్ 2021లోనే మొదలైంది. పాత నాకౌట్ చాంపియన్‌షిప్‌కి ఇది వారసురాలు అనుకోవచ్చు. ఒక్క తేడా ఉంది: ఇక్కడ గెలిస్తే కిరీటం రాదు, మొదటి ముగ్గురికి క్యాండిడేట్స్‌లో చోటు వస్తుంది. కిరీటం కోసం ముందు ఎనిమిది మంది ఆడే క్యాండిడేట్స్ టోర్నీ, ఆపైన అందులో గెలిచినవాళ్లకు చాంపియన్‌తో మ్యాచ్. ఇది సరైన మార్పు. నాకౌట్ ఉత్కంఠ ఉండనే ఉంది, ప్రపంచ చాంపియన్ ఎవరన్నది మాత్రం పొడవైన పోటీలో తేలుతోంది. హంపి ఇరవయ్యేళ్ల వయసులో ఈ పద్ధతి ఉండి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో.

సెమీస్‌లో హంపి మళ్లీ లీ టింగ్జీనే టైబ్రేక్‌లో దాటింది. ఫైనల్ ఇద్దరు భారతీయుల మధ్య: హంపికి 38, దివ్యకి 19. హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన మూడేళ్లకు పుట్టిన అమ్మాయి. రెండు క్లాసికల్ గేమ్‌లు డ్రా. ర్యాపిడ్‌లో మొదటిది డ్రా, రెండోదాంట్లో సమయం తక్కువపడి చివర్లో హంపి తడబడింది, దివ్య గెలిచింది. హంపికి క్యాండిడేట్స్ చోటు ఫైనల్‌కి ముందే ఖాయమైంది.

క్యాండిడేట్స్‌లో ఆమె ఎలా ఆడింది?

2024లో టొరంటోలో మొదటి సగంలో వెనకబడి, తర్వాత పుంజుకుని, 7.5 పాయింట్లతో లీ టింగ్జీ, వైశాలిలతో సమంగా నిలిచి టైబ్రేక్ లెక్కలో రెండో స్థానం పొందింది. 9 పాయింట్లతో తాన్ జోంగ్యీ గెలిచింది. పురుషుల, మహిళల క్యాండిడేట్స్ ఒకే హాల్లో, ఒకేసారి జరగడం అదే మొదలు. చూసేవాళ్ల సంఖ్యకు అది ఎంతో మేలు చేసింది.

బహుమతి డబ్బు మెరుగుపడిందా?

పడింది, కానీ సమానం కాలేదు. మహిళల ప్రపంచ ర్యాపిడ్ మొదటి బహుమతి 2019లో 40 వేల డాలర్లు, 2024లో 60 వేలు. టొరంటో క్యాండిడేట్స్‌లో ఓపెన్‌కి మొత్తం 5 లక్షల యూరోలు, మహిళలకు 2.5 లక్షలు. నార్వే చెస్ మాత్రం 2024లో మహిళల టోర్నీ మొదలుపెట్టినప్పుడే రెండింటికీ ఒకే బహుమతి నిధి పెట్టింది. అక్కడ క్లాసికల్ డ్రా అయితే వెంటనే ఆర్మగెడ్డన్ ఆడిస్తారు. 2025లో హంపి అక్కడ మూడో స్థానంలో నిలిచింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పుణె గ్రాండ్ ప్రిలో జు జినెర్‌తో సమంగా 7 పాయింట్లు చేసి టైబ్రేక్ లెక్కలో విజేత అయింది. ప్రపంచ స్థాయి మహిళల టోర్నీ మన దేశంలోనే జరిగి, మన అమ్మాయే గెలవడం చూశాం.

2024 ఒలింపియాడ్ స్వర్ణం జట్టులో హంపి ఉందా?

లేదు. బుడాపెస్ట్‌లో గెలిచిన మహిళల జట్టులో హారిక, వైశాలి, దివ్య, వంతిక, తానియా ఆడారు.

ఆన్‌లైన్ చదరంగం వల్ల ఏం మారింది?

2020లో కొవిడ్ వల్ల టోర్నీలన్నీ ఆగిపోయినప్పుడు ఫిడే (ప్రపంచ చదరంగం సమాఖ్య) ఆన్‌లైన్ ఒలింపియాడ్ పెట్టింది. పురుషులు, మహిళలు, జూనియర్లు కలిసి ఒకే జట్టు. సెమీస్‌లో పోలండ్ మీద స్కోరు సమమై ఆర్మగెడ్డన్ దాకా వచ్చింది. ఆ ఒక్క గేమ్ ఆడే బాధ్యత హంపికిచ్చారు, మోనికా సోచ్కో మీద గెలిచింది. ఫైనల్‌లో ఇంటర్నెట్ తెగిపోయి మన జట్టులో ఇద్దరి గడియారాల్లో సమయం అయిపోయింది. చివరికి భారత్, రష్యాలను సంయుక్త విజేతలుగా ప్రకటించారు.

అక్కడి నుంచి ఆన్‌లైన్ టోర్నీలు ఆగలేదు. ఊరు దాటకుండా గ్రాండ్‌మాస్టర్లతో ఆడే వీలు వచ్చింది, అది మేలు. అనుమానాలు కూడా వచ్చాయి. ఫోన్‌లోని ఇంజిన్ ప్రపంచ చాంపియన్ కంటే బలమైనది కాబట్టి ఇప్పుడు పెద్ద టోర్నీల్లో స్కానర్లు, ఫోన్లు, స్మార్ట్‌వాచ్‌ల నిషేధం, ప్రసారాల్లో కావాలని పెట్టే ఆలస్యం అన్నీ మామూలైపోయాయి.

తెలుగువాళ్లలో ఇంకెవరిని చూడాలి?

హరికృష్ణ 2001లోనే గ్రాండ్‌మాస్టర్, 2016లో 2770 రేటింగ్‌తో ప్రపంచ మొదటి పదిలోకి వెళ్లాడు. 2024లో బుడాపెస్ట్ స్వర్ణ జట్టు సభ్యుడు. అదే ఏడాది సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ టైటిల్ గెలిచినప్పుడు అతని తయారీ బృందంలో ఉన్నాడు. గుకేశ్ చెన్నైలో పెరిగిన తెలుగు కుటుంబం పిల్లవాడు. వరంగల్ అర్జున్ ఇరిగేశి దారి వేరు. పెద్ద ఆహ్వాన టోర్నీల పిలుపులు రాని రోజుల్లో ఓపెన్లు, లీగులు విడవకుండా ఆడి రేటింగ్ పెంచుకున్నాడు. 2024 డిసెంబరు జాబితాలో 2801 చేరాడు, ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు. తన కంటే తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లతో పదేపదే ఆడి పెరగడం ఎంత కష్టమో పైన రేటింగ్ లెక్క చూశారుగా.

మా అమ్మాయి బాగా ఆడుతోంది. బాలికల టోర్నీలకే పంపాలా?

రెండింటికీ పంపండి. రాష్ట్ర జట్టుకు ఎంపిక కావాలంటే బాలికల పోటీలు తప్పవు. ఆట పెరగాలంటే ఓపెన్ రేటింగ్ టోర్నీలు కావాలి. 2024 మార్చి నుంచి ఫిడే కనీస రేటింగ్‌ను 1400కి పెంచింది కాబట్టి మొదటి రేటింగ్ రావడం మునుపటి కంటే కాస్త కష్టం, దానికి కంగారు పడొద్దు. రోజుకు మూడు రౌండ్లు ఆడించే టోర్నీల కంటే ఒకటి రెండు రౌండ్లవి ఎంచుకోండి. ప్రతి గేమ్ రాసుకొచ్చిన స్కోర్‌షీట్ పారేయకండి. ఇంజిన్ తెరవడానికి ముందు, ఎక్కడ తప్పిందో పాపే సొంతంగా వెతకాలి.

హంపి గేమ్‌లు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆన్‌లైన్ డేటాబేస్‌లలో ఆమె పేరు కొడితే చాలు, దాదాపు అన్నీ ఉచితంగా దొరుకుతాయి. తెల్లపావులతో ఆమె ఎక్కువగా క్వీన్ ముందు పాన్‌ను రెండు గడులు నెట్టి మొదలుపెడుతుంది, కాటలాన్ అనే ఓపెనింగ్ ఆమెకు ఇష్టమైన దారుల్లో ఒకటి. తొందరపడి దాడికి దిగదు. చిన్న ఆధిక్యం సంపాదించి, క్వీన్లు మార్చుకుని, పావులు తగ్గిన చివరి దశలో, అంటే ఎండ్‌గేమ్‌లో, ఓపిగ్గా బిగిస్తుంది. పిల్లలకు చూపించేటప్పుడు ముందుగా 2019 స్కోల్కోవో, 2025 పుణె గేమ్‌లు తీసుకోండి. ముప్పయ్యో ఎత్తు దగ్గర ఆపి, "ఇక్కడ తెల్లవాళ్లకు ఏం బాగుంది?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ముందుకు జరపకండి.